ఊగేది పైపు కాదు, జాయింటు

హైదరాబాద్‌లో ఏ ఆర్కెస్ట్రా ప్రోగ్రామ్ చూసినా స్టేజి మీద చోటు పంపకం దాదాపు ఒకేలా జరుగుతుంది. డ్రమ్స్‌కి వెనక మధ్యలో చోటు ముందే ఖాయం. పాడేవాళ్ళది ముందు వరస. గిటార్ వాళ్ళకి నిలబడే చోటుంటే చాలు. చివరికి స్పీకర్లకీ డ్రమ్స్‌కీ మధ్య ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న మూల ఒకటి మిగులుతుంది. అది కీబోర్డు ప్లేయర్‌ది. రెండు కీబోర్డులు, ల్యాప్‌టాప్, చిన్న మిక్సర్, పెడళ్ళు, మానిటర్ (తన వాయింపు తనకి వినిపించే స్పీకర్), కుర్చీ, మనిషి అన్నీ అందులోనే ఇమడాలి. ముందు జరిగే డ్యాన్స్ ఐటమ్ ఆలస్యమైతే సర్దుకోవడానికి దొరికేది పది నిమిషాలు.

సొంతంగా స్టాండు చేయించుకోవాలన్న ఆలోచన చాలామందికి ఈ మూలలో ఇబ్బంది పడ్డాకే వస్తుంది. తీరా వెల్డింగ్ షాపుకి వెళ్ళేటప్పుడు ఆ మూలని మర్చిపోయి కీబోర్డు కొలతలు మాత్రమే పట్టుకెళ్తారు. ఇంత పొడవు, ఇంత వెడల్పు, బాగా గట్టిగా ఉండాలి అని చెబుతారు. వెల్డింగ్ మేస్త్రీ గేటుకి వాడే పైపు తీసి గట్టిగానే చేసిస్తాడు. ఇరవై కిలోల ఆ వస్తువు రెండు ప్రోగ్రాములు తిరిగాక బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది. మానిటర్ సంగతైతే అసలు తలపుకే రాదు. అది సౌండ్ వాళ్ళ పని అనుకుంటారు. నిజానికి స్టాండూ మానిటరూ ఒకే సామాను. వాయించేటప్పుడు చెయ్యి ఎక్కడుంటుందో, చెవి ఎక్కడుంటుందో రెండింటినీ తేల్చేది స్టాండే. కాబట్టి డ్రాయింగ్ గీసేటప్పుడు మొదట గీయాల్సింది ఆ ఐదు బై నాలుగు మూల. ఆ తర్వాత పది నిమిషాల లెక్క. కీబోర్డు మూడోది.

పాత నాటక సమాజాల వాళ్ళకి ఈ సంగతి తెలుసు. పద్యనాటకాల్లో వాడిన లెగ్ హార్మోనియానికి వేరే స్టాండు లేదు. గాలి కొట్టే పెడళ్ళు, కాళ్ళు, వాయించే మెట్లు అన్నీ ఒకే చట్రంలో ఉండేవి. మడిస్తే పెట్టె, విప్పితే వాయిద్యం. ఏ ఊళ్ళో నాటకమైనా హార్మోనిస్టుకి కుర్చీ ఎత్తు ఒక్కటి కుదిరితే చాలు. ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చాక స్వరాలు వందలయ్యాయి, వాయిద్యం తేలికైంది, కానీ ఆ చట్రం మాత్రం వాయిద్యం నుంచి విడిపోయింది. దాని చోట్లోకి కత్తెరలా మడిచే ఎక్స్ స్టాండు వచ్చింది.

ఎక్స్ స్టాండు చెడ్డ వస్తువేమీ కాదు. చవక, తేలిక, చంకలో పెట్టుకుని పోవచ్చు. దాని గొడవంతా ఎత్తుతోనే. కాళ్ళు కత్తెరలా ఉంటాయి కాబట్టి ఎత్తు పెంచిన కొద్దీ అవి దగ్గరవుతాయి. ఉదాహరణకి కాలు పొడవు 95 సెంటీమీటర్లు అనుకుందాం. స్టాండు ఎత్తు 60 సెంటీమీటర్లు ఉన్నప్పుడు కాళ్ళ మధ్య దూరం 74 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. నిలబడి వాయించడానికి 85 దాకా లేపితే అది 42కి పడిపోతుంది. కింద కాళ్ళు దగ్గరైనట్టే పైన కీబోర్డుని మోసే చేతులు కూడా దగ్గరవుతాయి. అంటే సరిగ్గా ఎక్కువ పట్టు కావలసినప్పుడు ఈ స్టాండు తక్కువ పట్టు ఇస్తుంది. దాని మీద 88 కీల కీబోర్డు పెడితే రెండు వైపులా నలభై సెంటీమీటర్లకి పైగా గాల్లో వేలాడుతుంది. పై సప్తకంలో గట్టిగా కార్డ్ (రెండు మూడు స్వరాలు ఒకేసారి) కొట్టిన ప్రతిసారీ ఎడమ చివర చిన్నగా లేచి పడుతుంది. ప్రేక్షకులకి కనిపించదు గానీ వాయించే చేతికి తెలుస్తుంది. ఆ చెయ్యి తనకి తెలియకుండానే మెల్లగా వాయించడం మొదలుపెడుతుంది.

కీబోర్డు పొడవు గురించి ఒక చిన్న లెక్క గుర్తుంటే కేటలాగ్ అక్కర్లేదు. తెల్ల కీ వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. 61 కీల కీబోర్డులో తెల్లవి 36, కాబట్టి కీల వరస 85 సెంటీమీటర్లు. 76 కీలలో తెల్లవి 45, ఆ వరస 106 సెంటీమీటర్లు. 88లో తెల్లవి 52, అది 122 సెంటీమీటర్లు. స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రాలు ఎడమ చివర ఉంటే పది పదిహేను సెంటీమీటర్లు అదనం. బరువులో మాత్రం ఇలాంటి సూత్రమేదీ లేదు. యమహా మాంటాజ్ 8, మోడెక్స్ 8 రెండూ 88 కీలవే. మొదటిది 29 కిలోలు, రెండోది 13.8 కిలోలు. రోలాండ్ ఆర్‌డీ 2000 అయితే 21.7 కిలోలు. స్టాండు ఈ ఏడాది ఉన్న కీబోర్డుకే కాకుండా వచ్చే ఏడాది కొనబోయేదానికి కూడా సరిపోవాలంటే పొడవు కన్నా బరువు మీదే ముందుచూపు ఉండాలి.

ఇక ఇనుము సంగతి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పైపు, బోల్టు, క్లాంపు ఏది అడిగినా దొరుకుతుంది. బాలానగర్ వైపు లేత్ పని, షీట్ బెండింగ్ చేసే చిన్న వర్క్‌షాపులు వరసగా ఉంటాయి. కనెక్టర్లు, కేబుళ్ళు, సౌండ్ సామాన్లకి కోఠి గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. సామాను దొరకదనే బాధ ఈ నగరంలో లేదు. ఏది అడగాలో తెలియకపోవడమే బాధ.

అందరూ అడిగేది మందం. ఇరవై ఐదు మిల్లీమీటర్ల చదరపు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) పైపు, 16 గేజ్, అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. మీటరు బరువు 1.2 కిలోలకి కొంచెం తక్కువ. ఈ పైపుని మీటరు దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి సరిగ్గా మధ్యలో ఇరవై కిలోలు వేలాడదీస్తే వంగేది ఒకటిన్నర మిల్లీమీటర్లు. కీబోర్డు బరువు మధ్యలో ఒక్కచోటే పడదు కాబట్టి అసలు వంపు ఇంకా తక్కువే. మరి స్టాండు ఎందుకు ఊగుతుంది? పైపు వంగి కాదు. పైపు పైపుని కలిసిన చోట కోణం మారి. నాలుగు పుల్లల్ని నాలుగు మేకులతో చతురస్రంలా బిగించి పక్కకి తోస్తే అది వాలిపోయి సమాంతర చతుర్భుజం అవుతుంది. పుల్లలు ఎంత లావుగా ఉన్నా అంతే. అదే చతురస్రానికి మూల నుంచి మూలకి ఐదో పుల్ల కొడితే ఇక కదలదు. పల్లెటూళ్ళో తడిక కట్టినవాళ్ళకి తెలిసిన విషయమే ఇది. అయినా షాపుల్లో తయారవుతున్న కస్టమ్ స్టాండులు చాలావాటిలో ఏటవాలు కడ్డీ కనిపించదు. కాళ్ళకి అడ్డొస్తుందనో, అందంగా ఉండదనో వదిలేసి, బదులుగా పైపు మందం పెంచుతారు. బరువు పెరుగుతుంది, ఊగడం పోదు.

ఏటవాలుకి ఇనుప కడ్డీయే కావాలని లేదు. మూడు మిల్లీమీటర్ల వైర్ రోప్ రెండు ముక్కలు వెనకవైపు గుణకారం గుర్తులా వేసి, ఒక్కోదానికి చిన్న టర్న్ బకిల్ (తిప్పితే తాడుని బిగించే మర) పెడితే చాలు. ఎటు తోసినా రెండిట్లో ఒకటి లాగి పట్టుకుంటుంది. మొత్తం బరువు కొన్ని వందల గ్రాములు. మడిచేటప్పుడు చుట్టి జేబులో వేసుకోవచ్చు. ఇనుము మీద పెట్టే డబ్బులో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ పని చేసేది ఇదేనని చెప్పొచ్చు.

ఊగడానికి రెండో కారణం ఒక పైపులో ఇంకో పైపు జరిగే చోట ఉంటుంది. ఎత్తు మార్చుకోవడానికి 30 మిల్లీమీటర్ల పైపులో 25 మిల్లీమీటర్ల పైపు దూరుస్తారు. బయటి పైపు గోడ 2 మిల్లీమీటర్లయితే లోపల 26 ఉంటుంది, అంటే ఒక మిల్లీమీటరు ఖాళీ. ఒక మిల్లీమీటరేగా అనిపిస్తుంది. లోపలికి దూరిన భాగం 150 మిల్లీమీటర్లే ఉండి, దాని పైన పైపు మరో 600 మిల్లీమీటర్లు లేస్తే, పైకొస వద్ద ఆ ఒక్క మిల్లీమీటరు నాలుగు అవుతుంది. మామూలుగా ఒకవైపు ఒక బోల్టు బిగిస్తారు. అది ముందు వెనక ఆటని ఆపుతుంది, కుడి ఎడమ ఆటని ఆపదు. పక్కపక్క ముఖాల మీద రెండు బోల్టులు పెడితే లోపలి పైపు ఒక మూలకి నొక్కుకుని రెండు దిక్కులా నిలబడిపోతుంది. ఎత్తుని మాత్రం ఈ బిగింపుకి వదలకూడదు. రెండున్నర సెంటీమీటర్లకి ఒక రంధ్రం చొప్పున వేసి అడ్డంగా పిన్ను దూర్చాలి. బరువుని పిన్ను మోస్తుంది, బోల్టులు ఆటని ఆపుతాయి. ఆ రెండు పనులు ఒకే బోల్టుకి అప్పగించిన స్టాండు రెండో పాట మధ్యలో ఒకవైపు కుంగుతుంది.

అల్యూమినియం అంటే తేలిక అనే నమ్మకం ఒకటుంది. లోహంగా అది ఇనుములో మూడో వంతు బరువే. బిగువు కూడా సుమారు మూడో వంతే. అందుకని అదే గట్టిదనం రావాలంటే పెద్ద సైజు వాడాలి. ఫ్యాక్టరీల్లో మెషీన్ చట్రాలకి వాడే గాడి ఉన్న 40 మిల్లీమీటర్ల ప్రొఫైల్ మీటరుకి ఒకటిన్నర కిలోల చుట్టూ తూగుతుంది, అంటే పైన చెప్పిన ఎం.ఎస్. పైపు కన్నా ఎక్కువే. దాని అసలు లాభం వేరు. వెల్డింగ్ అక్కర్లేదు, గాడిలో నట్టు జరుపుతూ ఏ ఎత్తులోనైనా ఏదైనా బిగించవచ్చు. ఏడాదికోసారి కీబోర్డు మార్చేవాళ్ళకి అది పనికొస్తుంది. మామూలు అల్యూమినియం పైపు కొని ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: వేడి తగిలిన చోట ఆ లోహం మెత్తబడుతుంది, అది కూడా సరిగ్గా జాయింటు దగ్గరే.

వెల్డింగ్ షాపులో దగ్గరుండి చూసుకోవాల్సినవి రెండే. మొదట చుక్కలు మాత్రమే అతికించమనాలి, ఆ తర్వాత మూలమట్టం పెట్టి చూడాలి, రెండు కర్ణాలు టేపుతో కొలిచి సమానంగా ఉన్నాకే పూర్తి వెల్డు వేయించాలి. వేడికి చట్రం మెలికపడితే తర్వాత సుత్తి దెబ్బలతో సరిచేసినా రసమట్టం ముందు దొరికిపోతుంది. రెండోది పైపు కొసలు. వినాయక చవితి పందిళ్ళ రోజులు వానల్లోనే వస్తాయి. మూతలు లేని పైపు లోపల తడి చేరి, పైన పౌడర్ కోటింగ్ మెరుస్తుండగానే లోపల తుప్పు తినేస్తుంది.

నిలబెట్టాక అది పడకుండా ఉండటం మరో లెక్క. కింద 14 కిలోల కీబోర్డు, పైన 7 కిలోలది, స్టాండు 8 కిలోలు అనుకుందాం, మొత్తం 29. పాదాల పొడవు ముందు నుంచి వెనక్కి 45 సెంటీమీటర్లు, బరువు సరిగ్గా మధ్యలో ఉందనుకుందాం. పై కీబోర్డు ఉన్న 95 సెంటీమీటర్ల ఎత్తులో ఏడు కిలోల బలంతో తోస్తే చాలు, మొత్తం వెనక్కి ఒరగడం మొదలవుతుంది. చీకట్లో కేబుల్ తట్టుకుని పడబోయే మనిషి అంతకన్నా గట్టిగానే తోస్తాడు. పాదాలు 60 సెంటీమీటర్లు చేస్తే ఆ బలం తొమ్మిది కిలోలు దాటాలి. అందుకే పై అంతస్తు కావాలనుకున్నప్పుడు మొదట పెంచాల్సింది నిలువు కాదు, పాదం. నాలుగడుగుల లోతున్న మూలలో రెండడుగులు పాదాలకే పోతే కుర్చీ ఎక్కడ అనే ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న ఇంట్లో సుద్దముక్కతో నేల మీద గీసుకున్నప్పుడే రావాలి, స్టేజి మీద కాదు.

స్టేజి నేల కూడా అన్ని చోట్లా ఒకటి కాదు. రవీంద్రభారతి, శిల్పకళావేదిక, త్యాగరాయ గానసభ లాంటి ఆడిటోరియాల్లో అది కదలదు. కాలనీ గ్రౌండులో, ఫంక్షన్ హాలు లాన్‌లో టెంట్ హౌస్ వాళ్ళు వేసే స్టేజి వేరు. ఇనుప ఫ్రేముల మీద ప్లైవుడ్ పలకలు పరిచి, పైన ఎర్ర కార్పెట్ కప్పుతారు. పలకల మధ్య సందు కార్పెట్ కింద కనిపించదు. స్టాండు పాదం ఒకటి ఈ పలక మీద, ఇంకోటి ఆ పలక మీద పడితే, డ్యాన్స్ చేసేవాళ్ళు గెంతిన ప్రతిసారీ రెండు పాదాలూ వేర్వేరుగా లేస్తాయి. ముక్కాలి పీట ఎలాంటి నేల మీదైనా ఊగదన్నది నిజమే గానీ కీబోర్డు స్టాండుకి మూడు కాళ్ళు పెడితే పక్కకి ఒరిగే ప్రమాదం ఎక్కువ. నాలుగు పాదాలు ఉంచి, ఒక్కోదానికి మర తిప్పి ఎత్తు సరిచేసే బుష్ పెట్టుకోవడం మేలు. ఫ్రిజ్ కింద, వాషింగ్ మెషీన్ కింద ఉండేది అదే. ఇంకో పాత చిట్కా: ఒక్క పలక మీదికే వచ్చేలా మూడడుగుల ప్లైవుడ్ ముక్క ఒకటి వెంట తీసుకెళ్ళి దాని మీద స్టాండు నిలపడం.

ఎత్తు విషయంలో మన ప్రోగ్రాములకి ఒక ప్రత్యేకత ఉంది. కూర్చుని వాయించేవాళ్ళకి తెల్ల కీలు నేల నుంచి 72, 73 సెంటీమీటర్లలో ఉంటే పియానో ఎత్తు. నిలబడితే మోచేతికి కొంచెం దిగువన, ఐదడుగుల ఏడంగుళాల మనిషికి మీటరుకి కాస్త తక్కువ. ఈ రెండూ బజారు స్టాండుల్లో దొరుకుతాయి. మూడోది దొరకదు. భజనల్లో, సత్సంగాల్లో, లలిత సంగీత కచేరీల్లో కీబోర్డు ప్లేయర్ కూడా గాయకుల పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. హార్మోనియం చోటు కీబోర్డుకి వచ్చింది, కానీ హార్మోనియం ఒడికి దగ్గరగా ఉండే పొట్టి పెట్టె. కీబోర్డు పొడవు, మోకాళ్ళు దాని కిందికి దూరవు. జంపఖానా మడిచి దాని మీద పెట్టుకుని గంటన్నర ముందుకి వంగి వాయించి నడుము పట్టుకుపోయినవాళ్ళు చాలామంది. మోకాళ్ళ బయట రెండు పొట్టి కాళ్ళు, మధ్యలో అడ్డు కడ్డీ లేకుండా వెనకవైపు మాత్రమే కట్టు, కీబోర్డు ముందంచు వాయించేవాడి వైపు కొంచెం వాలి ఉండటం: ఇంతే కావలసింది. ఏ గ్రిల్ వర్క్స్ షాపులోనైనా ఒక పూట పని. ఈ రకానికి ఉన్న అవసరంతో పోలిస్తే దీన్ని చేయించుకున్నవాళ్ళు ఎందుకంత తక్కువో అర్థం కాదు.

వినపడకపోతే వాయించేదేంటి

మానిటర్ అనగానే మన దగ్గర రెండు అర్థాలు. ల్యాప్‌టాప్ తెర ఒకటి, స్టేజి మీద తన శబ్దం తనకి వినిపించే స్పీకర్ ఒకటి. మొదటిదాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తెర పై కీబోర్డుకి వెనక కాకుండా పక్కన, తల దించకుండా కళ్ళు దించితే కనిపించేంత ఎత్తులో ఉండాలి. ప్రేక్షకులకీ వాయించేవాడి ముఖానికీ మధ్య అది అడ్డం రాకూడదు. తెర పెట్టే ట్రే అంచుకి అర అంగుళం కట్టు ఉండాలి. వేసవి సాయంత్రం ఎండ పడే స్టేజి మీద ట్యాబ్లెట్ వేడెక్కి ఆరిపోవచ్చు కాబట్టి కార్డ్స్ ఒక కాగితం మీద కూడా రాసి ఉంచుకోవాలి.

రెండోదే అసలు సమస్య. సౌండ్ వాళ్ళు వెడ్జ్ (నేల మీద ఏటవాలుగా కూర్చునే మానిటర్ స్పీకర్) తెచ్చి స్టాండుకి అవతల, నేల మీద, వాయించేవాడి వైపు పెడతారు. పాడేవాళ్ళకి అది సరైన చోటే, ఎందుకంటే వాళ్ళకీ వెడ్జ్‌కీ మధ్య ఒక సన్నటి మైక్ స్టాండు తప్ప ఏదీ లేదు. కీబోర్డు ప్లేయర్‌కి మధ్యలో రెండు కీబోర్డులు పలకల్లా అడ్డున్నాయి. రెండు వేల హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు 17 సెంటీమీటర్లు. ముప్పై, నలభై సెంటీమీటర్ల లోతున్న కీబోర్డు దానికి గోడతో సమానం. లోతైన బాస్ చుట్టు తిరిగి వచ్చేస్తుంది, స్పష్టతనిచ్చే పై స్వరాలు కీబోర్డు అడుగుని కొట్టి అక్కడే ఆగిపోతాయి. వాయించేవాడికి గుమ్ గుమ్ మని బాస్ తప్ప ఏమీ వినిపించదు. పెంచండి అంటాడు. సౌండ్ మనిషి పెంచుతాడు. గుమ్ గుమ్ పెరుగుతుంది. ఈ సంభాషణ ప్రతి సౌండ్ చెక్‌లోనూ జరుగుతుంది, రెండు వైపులా చిరాకు తప్ప ఫలితం ఉండదు.

పరిష్కారం వాల్యూమ్‌లో లేదు, చోటులో ఉంది. వెడ్జ్‌ని స్టాండు పక్కకి, కుర్చీకి ఏటవాలుగా జరిపితే సగం సమస్య తీరుతుంది. అంతకన్నా మంచిది చిన్న స్పీకర్‌ని చెవి ఎత్తుకి తేవడం. దూరం సగమైతే శబ్దం 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అదే పెరుగుదల యాంప్లిఫయర్‌తో తేవాలంటే నాలుగు రెట్ల పవర్ కావాలి. రెండు మీటర్ల దూరంలో ఉన్నది ముప్పావు మీటరుకి వస్తే లాభం ఎనిమిది డెసిబెల్స్‌కి పైనే. మూడు నాలుగు కిలోల చిన్న పవర్డ్ స్పీకర్ (యాంప్లిఫయర్ లోపలే ఉన్నది) సరిపోతుంది. స్పీకర్ అడుగున ఉండే గొట్టపు సాకెట్ మామూలుగా 35 మిల్లీమీటర్లు కాబట్టి, స్టాండు వెనక మూలలో ఆ వ్యాసం ఉన్న గుండ్రటి పైపు ముక్క ఒకటి ముందే వెల్డు చేయించుకుంటే అది అక్కడ కూర్చుంటుంది. ఈ నాలుగు కిలోలు మీటరున్నర ఎత్తులో చేరితే పైన చెప్పిన ఒరగడం లెక్క మళ్ళీ మొదలవుతుంది. స్టాండు అయిపోయాక మానిటర్ గురించి ఆలోచిస్తే కుదరదనడానికి కారణం ఇదే. పది కిలోలు దాటిన స్పీకర్ అయితే దాని స్టాండు దానికే ఉండాలి.

దూరంతో ఇంకో చిక్కు కాలం. శబ్దం మీటరు దూరం రావడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. సొంత మానిటర్ లేక హాల్లోని పెద్ద స్పీకర్ల శబ్దం విని వాయిద్దామనుకుంటే, ముప్పై మీటర్ల అవతల వెనక గోడకి తగిలి తిరిగి వచ్చేది 175 మిల్లీసెకన్ల తర్వాత. నిమిషానికి 170 బీట్లతో నడిచే దరువులో అది సరిగ్గా అర బీటు. తీన్‌మార్ లాంటి ఊపులో ఉన్నప్పుడు ఆ ప్రతిధ్వనిని నమ్ముకుంటే మొత్తం బ్యాండు ఒకవైపు, కీబోర్డు ఒకవైపు. ల్యాప్‌టాప్ నుంచి శబ్దాలు తీసుకునేవాళ్ళు దాని సొంత ఆలస్యాన్ని కూడా కలుపుకోవాలి. ల్యాప్‌టాప్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగేసి పంపే ముద్దని బఫర్ అంటారు; 48 కిలోహెర్ట్జ్‌లో 256 శాంపిళ్ళ బఫర్ అంటే ఐదు మిల్లీసెకన్లకి కొంచెం పైన. అన్నీ కలిపి పది దాటితే చాలామందికి కీ వేలి కింద బద్ధకంగా అనిపిస్తుంది.

చిన్న మిక్సర్ ఒకటి స్టాండు మీదే ఉండాలా అనే దాని మీద సౌండ్ వాళ్ళకీ ప్లేయర్లకీ ఎప్పుడూ వాదనే. ఉండాలి, కానీ దాని నుంచి బయటికి వెళ్ళే దారులు రెండు వేరుగా ఉండాలి. రెండు కీబోర్డులు మిక్సర్‌లో కలిసి మెయిన్ అవుట్ నుంచి డీఐ బాక్సుకి (కీబోర్డు సిగ్నల్‌ని పొడవాటి మైక్ కేబుల్‌లో పోయేలా మార్చే చిన్న పెట్టె), అక్కడి నుంచి సౌండ్ వాళ్ళకి వెళ్ళాలి. సొంత చెవికి వచ్చేది ఆక్స్ (మిక్సర్‌లోని వేరే అవుట్) నుంచి, అది కూడా ఫేడర్‌కి (వాల్యూమ్ జరిపే మీటకి) ముందు తీసుకునేదై ఉండాలి. చాలామంది మెయిన్ అవుట్‌నే రెండింటికీ వాడతారు. తనకి వినపడటం లేదని పాట మధ్యలో ఫేడర్ లేపగానే హాలు మొత్తం కీబోర్డు మోగిపోతుంది. సౌండ్ మనిషి కిందికి లాగుతాడు. ఈ తాడు లాగుడు రెండు మూడు పాటలు నడిచాక మిక్సర్ తీసేయమంటాడు, అతని తప్పు ఏమీ లేదు.

స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండు లైన్లుగా వచ్చే శబ్దం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చిన్న ప్రోగ్రాముల్లో కీబోర్డుకి ఒక్క లైనే ఇస్తారు. అప్పుడు ఎడమ, కుడి రెండింటినీ ఏదో ఒక వై కేబుల్‌తో కలపకూడదు. ఎల్/మోనో అని రాసి ఉన్న జాక్‌కి మాత్రమే కేబుల్ పెడితే కీబోర్డే రెండింటినీ కలిపి ఒకే లైను (మోనో) చేసిస్తుంది. అప్పటికీ స్టీరియో పియానో శబ్దాలు కొన్ని మోనోలో పలచబడతాయి, రెండు చానెళ్ళలోని తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి. ఇంట్లో మోనోలో విని, పలచబడని పియానో శబ్దం ఏదో ముందే ఎంచుకుని ఉంచుకోవడం తప్ప స్టేజి మీద చేయగలిగింది లేదు.

ఇయర్ ఫోన్లు పెట్టుకుంటే ఈ తలనొప్పులన్నీ పోతాయి కదా అంటే, చాలావరకు పోతాయి. కీబోర్డు ప్లేయర్ అటూ ఇటూ తిరగడు కాబట్టి వైర్‌లెస్ కూడా అవసరం లేదు. వైరుతో నడిచే చిన్న హెడ్‌ఫోన్ యాంప్ స్టాండుకి బిగిస్తే చాలు, బ్యాటరీ భయం, ఫ్రీక్వెన్సీ గొడవ ఉండవు. అయితే అందులోకి తన కీబోర్డు ఒక్కటే వస్తే సరిపోదు, గాయకుల గొంతు, డ్రమ్స్, క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం), ఇవన్నీ సౌండ్ వాళ్ళ నుంచి ఒక లైనుగా రావాలి. అది ముందుగా అడిగి ఖాయం చేసుకోవాలి. హాలు వాతావరణం తెలియడం లేదని ఒక చెవిది తీసి వాయించేవాళ్ళు కనిపిస్తారు. అది రెండు వైపులా నష్టం. తీసిన చెవిలో డ్రమ్స్ హోరు, దాన్ని మించి వినపడటానికి పెట్టుకున్న చెవిలో వాల్యూమ్ పెంపు. అమెరికాలో పనిచోట ఆరోగ్యాన్ని చూసే నియోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. మన సంగీత్ ప్రోగ్రాములు మూడు గంటలకి తగ్గవు.

చివరగా కరెంటు, ఎందుకంటే ఇనుప స్టాండుని చేతులతో పట్టుకునేది మనిషే. జెనరేటర్ మీద నడిచే ప్రోగ్రాముల్లో కీబోర్డు లైను నుంచి సన్నటి హమ్ (గుయ్యిమనే మోత) రావడం మామూలు. స్టేజి మీద ఒక ఎర్త్, మిక్సర్ దగ్గర ఇంకో ఎర్త్ ఉండి, రెండూ ఆడియో కేబుల్ ద్వారా కలవడం దానికి తరచు కారణం. దాన్ని ఆపడానికి ల్యాప్‌టాప్ ప్లగ్గులోనో, మిక్సర్ ప్లగ్గులోనో ఎర్త్ పిన్ను విరిచేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. హమ్ ఆగుతుంది. దాంతోపాటు లోపల వైరు ఊడి బాడీకి తగిలితే ఆ 230 వోల్టులు నేలకి పోయే దారి కూడా పోతుంది. ఆ తర్వాత దారి మనిషి గుండానే. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉండేది ఇందుకే. ఆడియో వైపు కలయికని అది తెంచుతుంది, కరెంటు వైపు ఎర్త్‌ని ముట్టుకోదు. డీఐ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది కొనుక్కుని స్టాండు అడుగు పలకకే బిగించుకుంటే, సౌండ్ వాళ్ళ దగ్గర అది ఉందా లేదా అన్న టెన్షన్ ఉండదు.

ఆ అడుగు పలకే పది నిమిషాల లెక్కకి జవాబు కూడా. కీబోర్డులు, మిక్సర్, డీఐ మధ్య కేబుళ్ళు ఇంట్లోనే వేసి, వెల్క్రోతో పైపులకి కట్టి, పలక మీద పేర్లు రాసిన సాకెట్ల దగ్గర ముగించాలి. స్టేజి మీద పెట్టాల్సినవి కరెంటు ఒకటి, సౌండ్ వాళ్ళకి రెండు, వాళ్ళ నుంచి మానిటర్ లైను ఒకటి, నాలుగే. అడాప్టర్ వైరు కీబోర్డు దగ్గర ఒక చుట్టు తిప్పి కట్టకపోతే కాలు తగిలి ఊడేది మొదట అదే.

ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి పది దాటాక మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఏడాదిలో 15 రోజులకి మించకుండా, పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. మిగతా రోజుల్లో పదింటికి ఆఖరి పాట ఆగగానే లైట్లు ఒక్కొక్కటీ ఆరుతుంటాయి, టెంట్ హౌస్ కుర్రాళ్ళు అప్పటికే ఒక చివర నుంచి కార్పెట్ చుట్టడం మొదలుపెడతారు. ఆ చుట్టలోకి దొర్లిన వింగ్ బోల్టు మళ్ళీ దొరకదు. ప్రతి బోల్టుకీ, ప్రతి పిన్నుకీ చిన్న గొలుసు వేసి ఫ్రేముకే కట్టించమని వెల్డింగ్ షాపులో ముందే చెప్పాలి.